ఫీడ్-ఇన్ టారిఫ్ చట్టం ఉంటే సౌర విద్యుత్తు నిజంగా పెరుగుతుందా?

ప్రభుత్వం ఫీడ్-ఇన్ టారిఫ్ చట్టం, అంటే గ్రిడ్‌కు పంపే కరెంటుకు ముందే రాసిపెట్టిన రేటు ఇవ్వాలనే చట్టం తెస్తే ఫలితం ఉంటుందా, అది నెట్ మీటరింగ్ (పంపిన యూనిట్లను వాడిన యూనిట్లలోంచి తీసేసే పద్ధతి) లాంటిదేనా అని అడిగారు. చిన్న సౌర ప్లాంట్లకు బ్యాంకు రుణాల కాగితాలు సిద్ధం చేసే పనిలో కొన్నేళ్లు ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ఫలితం ఉంటుంది, అయితే జనం అనుకునే కారణంతో కాదు. ఫైలు చేతికి రాగానే రుణ అధికారి యూనిట్ ధర దగ్గర ఆగడు. పేజీలు తిప్పి కరెంటు కొనుగోలు ఒప్పందం గడువు ఎక్కడుందో వెతికి, పెన్సిలుతో దాని కింద గీత గీస్తాడు. తర్వాత అడిగే ప్రశ్న ఒక్కటే: కొనేవాళ్లు మధ్యలో చేతులెత్తేస్తే? సౌర ప్లాంటుకు ఇంధనం ఖర్చు లేదు, పెట్టుబడి దాదాపు అంతా మొదట్లోనే పెట్టాలి. అందుకే యూనిట్ ఎంతకు పడుతుందన్నది చాలావరకు వడ్డీని బట్టే ఉంటుంది. రాబడికి చట్టమే హామీ ఇస్తే వడ్డీ దిగుతుంది.

జర్మనీలో 1991 నుంచి అమలైన చట్టం పవన, సౌర విద్యుత్తుకు వినియోగదారుల సగటు ధరలో 90 శాతం ఇమ్మంది. గాలిమరలకు అది గిట్టుబాటైంది, అప్పటి సోలార్ ప్యానెళ్ల ఖరీదుకు మాత్రం ఏ మూలకూ రాలేదు. 2000లో వచ్చిన చట్టం ఒక్కో సాంకేతికతకు దాని ఖర్చును బట్టి రేటు పెట్టి, 20 ఏళ్లు ఖాయం చేసింది. గ్రిడ్ సంస్థ ముందు వీటికే కనెక్షన్ ఇవ్వాలి, కరెంటు కొనాలి. ఆ చట్టంలో రేటు ఏటా తగ్గేది, కానీ ఆ ఏడాది కొత్తగా వచ్చినవారికే. అప్పటికే ఉన్నవారి రేటు ముట్టుకోరు. చాలామంది తికమకపడేది ఇక్కడే.

స్పెయిన్ 2007లో ధారాళంగా రేట్లు ప్రకటించింది. 2008 ఒక్క ఏడాదిలోనే 2,500 మెగావాట్లకు పైగా సౌర ప్లాంట్లు వచ్చిపడ్డాయి. ఆ ఖర్చంతా బిల్లుల్లో వసూలు కాలేదు, విద్యుత్ రంగంలో ఖర్చుకూ వసూళ్లకూ మధ్య అప్పటికే ఉన్న డబ్బు లోటు ఇంకా పెరిగింది. చివరికి పాత ప్లాంట్ల రాబడికీ కోత పెట్టారు. పెట్టుబడిదారులు అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లారు. నా దృష్టిలో మొదట తక్కువ రేటు ప్రకటించడం కన్నా, ఇచ్చిన రేటును వెనక్కి తీసుకోవడమే ఎక్కువ చేటు. జపాన్ 2012లో చేసిన పొరపాటు ఇంకో రకం. నిర్మాణంతో పని లేకుండా అనుమతి నాటి రేటే ఖాయమయ్యేది. దాంతో అనుమతి చేతపట్టుకుని, ప్యానెళ్ల ధర పడిపోయేదాకా తీరిగ్గా కూర్చున్నవాళ్లు తక్కువేమీ కాదు!

ఇక నెట్ మీటరింగ్ సంగతి. రెండువైపులా లెక్కించే చాలా డిజిటల్ మీటర్ల తెరపై 1.8.0 అని కనిపిస్తే మీరు గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లు, 2.8.0 అంటే మీరు పంపినవి. నెట్ మీటరింగ్‌లో రెండో అంకెను మొదటిదాంట్లోంచి తీసేస్తారు, అంటే మీ కరెంటుకు విలువ కట్టేది రిటైల్ ధరే. ఫీడ్-ఇన్ టారిఫ్‌లో పంపినదానికి విడిగా, ముందే రాసిపెట్టిన రేటు చెల్లిస్తారు. రిటైల్ ధర ఎటు పోయినా అది మారదు.

ఈ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. జర్మనీలో 2022 వరకు బిల్లులపై సర్‌చార్జి వేశారు. విద్యుత్తు విపరీతంగా వాడే పరిశ్రమలకు అందులో భారీ మినహాయింపు ఇవ్వడంతో, సొంత పైకప్పు లేని అద్దె కుటుంబాల మీదా ఆ భారం పడింది. 2017 నుంచి అక్కడ పెద్ద ప్రాజెక్టులకు వేలంపాట పెట్టి, చిన్నవాటికి స్థిర రేటు ఉంచారు. అది సబబేననిపిస్తుంది, ఇంటిపైన నాలుగు ప్యానెళ్లు పెట్టుకునేవాడు వేలం పత్రాల ఖర్చు భరించలేడు.

మీ దగ్గర ముసాయిదా ఉంటే, రేటు ఖాయమయ్యేది దరఖాస్తు రోజునా, కరెంటు పంపడం మొదలైన రోజునా అన్నది ముందు చూడండి. రెండోదైతే, కనెక్షన్ ఇవ్వడానికి గ్రిడ్ సంస్థకు గడువు పెట్టారో లేదో కూడా చదవండి. గడువు లేకపోతే, వాళ్ల జాప్యం వల్ల తగ్గేది మీ రేటే.