అడ్రినల్ కణితి అని తేలాక కూడా రెండు వారాలు ఆగమంటున్నారా?

మీ నాన్నగారికి బీపీ ఉన్నట్టుండి 220 దాటుతోందని, కిడ్నీ పైనుండే అడ్రినల్ గ్రంథిలోని కణితి ఫియోక్రోమోసైటోమా అని తేలినా వెంటనే ఆపరేషన్ చేయకుండా రెండు వారాలు మాత్రలు వాడమన్నారని, ఇంత ఆలస్యం ఎందుకని అడిగారు. మేమూ డాక్టరుగారిని ఇదే అడిగాం, కాస్త గట్టిగానే. నేను డాక్టర్ని కాను. బెంగళూరులో మా చెల్లెలికి జరిగింది చెబుతాను.

తను మారతహళ్ళిలో ఉండేది, ఐటీ ఉద్యోగం. బకెట్ ఎత్తడానికి వంగితే చాలు, తల పగిలిపోయే నొప్పి, ఒళ్ళంతా చెమట, గుండె దడ. ముఖం తెల్లగా పాలిపోయేది. ఇంట్లో మిషన్ పెడితే 230/130. అరగంటలో క్లినిక్‌కి తీసుకెళ్తే 130/80! ‘టెన్షనమ్మా, పని తగ్గించుకో’ అన్నారు. మరోచోట దడ తగ్గడానికి ప్రొప్రనొలాల్ ఇచ్చారు. ఆ రాత్రి బీపీ ఇంకా పెరిగి ఎమర్జెన్సీకి పరిగెత్తాం.

ఎందుకలా అయిందో తర్వాత తెలిసింది. ఈ కణితి అడ్రినలిన్, నార్ అడ్రినలిన్‌లను రక్తంలోకి కుమ్మరిస్తుంది. రక్తనాళాలు బిగుసుకుపోతాయి. ఆ బిగువును వదిలించేది ఆల్ఫా బ్లాకర్. అది పడకముందే ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్ వేస్తే బీపీ మరింత ఎగబాకొచ్చు. అందుకే ముందు ఆల్ఫా, దడ ఇంకా ఉంటే తర్వాత బీటా. ఈ వరస తప్పకూడదు.

అనుమానం వచ్చిన డాక్టరు 24 గంటల మూత్రంలో మెటానెఫ్రిన్ల (అడ్రినలిన్ విరిగితే వచ్చే పదార్థాల) పరీక్ష రాశారు. ఆ క్యాను ఫ్రిజ్‌లో దోసెపిండి పక్కన పెట్టాల్సి వచ్చింది, అమ్మ ఆ పిండి పారబోసింది లెండి. తర్వాత సీటీ స్కాన్‌లో కుడి అడ్రినల్ మీద కణితి కనిపించింది.

ఇక ఆ రెండు వారాలు. ప్రజోసిన్ అనే ఆల్ఫా బ్లాకర్ కొద్ది మోతాదుతో మొదలుపెట్టి పెంచుతూ పోయారు. ముక్కు దిబ్బడ, లేవగానే కళ్ళు తిరగడం ఉండేవి. ఇన్నాళ్ళూ బిగుసుకున్న నాళాల్లో రక్తం పరిమాణం కూడా తగ్గి ఉంటుందట. అందుకని నీళ్ళు, ఉప్పు బాగా తీసుకోమన్నారు. బీపీ మనిషికి ఉప్పు తినమనడమా అని అమ్మ నమ్మలేదు. అటక మీద దాచిన ఆవకాయ జాడీ డాక్టరే స్వయంగా చెప్పాక కానీ కిందికి దిగలేదు. కానీ ఇది చూసి మీరు సొంతంగా ఉప్పు పెంచేయకండి. ఒంట్లో ఉప్పును నిలిపే ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్ వదిలే అడ్రినల్ కణితులూ ఉంటాయి, వాటికి ఉప్పు తగ్గించాలి. పైగా మీ నాన్నగారి గుండె, కిడ్నీల పరిస్థితి చూసి డాక్టరే చెప్పాలి.

లాప్రోస్కోపీలో కణితిని కదిలించినప్పుడు, అంత సిద్ధం చేసినా, బీపీ 200 దాటిందని మత్తు డాక్టరు చెప్పారు. కణితి సిర మూయగానే బీపీ జారిపోయిందట. సిద్ధం చేయకుండా కోసి ఉంటే? ఆ రాత్రంతా ఐసీయూలో బీపీతో పాటు షుగర్ కూడా చూస్తూనే ఉన్నారు, హఠాత్తుగా పడిపోతుందని.

ఇది వంశంలో రావచ్చు కాబట్టి జన్యు పరీక్ష గురించి అడగండి. వాంతులకు, జలుబుకు, ఒంటినొప్పులకు ఎవరు ఏ మందు ఇవ్వబోయినా ముందు ఈ కణితి సంగతి చెప్పండి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, స్టెరాయిడ్ల లాంటివి బీపీని ఒక్కసారిగా రేపగలవు. ఛాతీనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం కనిపిస్తే ఆపరేషన్ తేదీ దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. రోజూ కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసి రాసిపెట్టండి. మా డాక్టరు ఆపరేషన్ తేదీ ఖాయం చేసింది ఆ నోట్‌బుక్ చూశాకే.