పాత ఇల్లు సరే, ఆ ఫ్లాట్ సంగతేంటి?

ఇంగ్లండ్‌లోని స్టోక్-ఆన్-ట్రెంట్ నుంచి ఒకమ్మాయి రాసింది. తను నర్సు, భర్తది సాఫ్ట్‌వేర్, పెళ్లయి ఆరేళ్లు. లక్షా 20 వేల పౌండ్లకు వందేళ్లు దాటిన టెరేస్డ్ ఇల్లు (వరసగా గోడకి గోడ కలిసి ఉండే ఇళ్లలో ఒకటి) చూశారట. కింద రెండు గదులు, పైన రెండు, వంటింటి వెనక బాత్‌రూమ్. ముందుగా కట్టాల్సిన డిపాజిట్ 24 వేలూ తన నైట్ డ్యూటీల డబ్బే. తీరా సొలిసిటర్ (ఇంటి కాగితాలు చూసే లాయరు) ఫారం నింపుతుంటే, కూకట్‌పల్లిలో భర్త పేరు మీద ఫ్లాట్ ఉందనీ, అందులో అత్తమామలు ఉంటున్నారనీ, నాలుగేళ్లుగా ఈఎంఐ కడుతున్నాడనీ బయటపడింది. "ఇంత పాత ఇల్లు కొనచ్చా?" అని అడుగుతోంది.

కొనచ్చమ్మా. లెవెల్ 3 సర్వే, అంటే ఇంటి కట్టడాన్ని నిపుణుడు క్షుణ్ణంగా చూసే తనిఖీ, చేయించు. వైరింగ్, పైకప్పు, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ విడిగా చూపించు. వాల్‌పేపర్ అంచు లేపితే గోరుకే పెళ్లలు రాలాయన్నావు కదా, అది చెమ్మ. మన ఊళ్లలో సున్నంతో కట్టిన తొమ్మిదించుల గోడకి ఎవరో సిమెంట్ మెత్తితే ఏమవుతుందో నీకు తెలియదా? అక్కడా అంతే, తడి బయటికి పోయే దారుండదు. రిపేరు ఖర్చు ధరలోంచి తగ్గించమని అడుగు. ఇంటి గురించి నేను చెప్పేది ఇంతే.

నువ్వు నాలుగు పేజీలు రాసి, ఫ్లాట్ సంగతి రెండు లైన్లలో తేల్చేశావు, పైగా "ఆయన మంచివారే" అని బ్రాకెట్లో పెట్టావు. కన్నవాళ్లకు నీడ ఇచ్చిన కొడుకుని నేను తప్పుపట్టను, అది చేయాల్సిన పనే. కానీ నువ్వు రాత్రంతా వార్డులో నిలబడి పైసా పైసా కూడబెడుతుంటే, పక్కనే పడుకునే మనిషి నాలుగేళ్లు నోరు మెదపలేదంటే, నిన్ను ఇంటి మనిషిగా చూశాడా, జీతం తెచ్చే మనిషిగా చూశాడా? "చెబితే గొడవ చేస్తావని" అన్నాడట! ఆరేళ్లలో నువ్వు ఎన్ని గొడవలు చేశావో కూడా రాయాల్సింది.

ఆ మౌనానికి ధర కూడా ఉంది. మామూలుగా ఆ రేటు ఇంటికి స్టాంప్ డ్యూటీ సున్నా. భార్యాభర్తల్లో ఒక్కరికి ప్రపంచంలో ఎక్కడ 40 వేల పౌండ్లు, ఆపైన విలువ చేసే ఇల్లున్నా ఇద్దరికీ లెక్కే, 2024 అక్టోబర్ 31 నుంచి మొత్తం ధర మీద 5 శాతం అదనం. అంటే 6 వేల పౌండ్లు, కొత్త బాయిలర్ పెట్టించుకుని ఇంకా మిగిలే డబ్బు. "ఫారంలో రాయకపోతే పోలా" అంటాడేమో, ఒప్పుకోకు, సంతకం నీదీ ఉంటుంది.

అత్తగారికి ఫోన్ చేసి నిలదీయకు, ఆవిడకి దీంతో సంబంధం లేదు. ఈ శనివారం ఇల్లు చూడ్డానికి వెళ్లొద్దు. టీ పెట్టుకుని కూర్చోండి, లోన్ ఎంత మిగిలింది, నెలకి ఎంత పోతోంది, ఇంకేమైనా ఉన్నాయా అని అడుగు, మధ్యలో ఏడవకు. డిపాజిట్ నీదేనని సొలిసిటర్ దగ్గర డిక్లరేషన్ ఆఫ్ ట్రస్ట్ (ఇంట్లో ఎవరి డబ్బు ఎంతో రాసుకునే పత్రం) రాయిస్తానని కూడా అప్పుడే చెప్పు. మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ. సర్వే ఫీజు మాత్రం ఆ తర్వాతే కట్టు.