భూమిని వేడెక్కించే వాయువులు తగ్గిస్తామని వాతావరణ హామీలిచ్చిన కంపెనీ, తన లాబీయింగ్‌ను (ప్రభుత్వ నిర్ణయాలు మార్చే ప్రయత్నాలను) ఆ హామీలకు తగ్గట్టు ఎలా మార్చుకుంటుంది?

తాను ప్రభుత్వాన్ని అడిగేవాటినే కాదు, తను చందా కట్టే పరిశ్రమ సంఘాలు అడిగేవాటినీ హామీలతో పోల్చి చూసుకుంటుంది. తేడా ఉంటే సంఘానికి నచ్చజెబుతుంది, కుదరకపోతే బయటికొచ్చేస్తుంది. అసలు చిక్కంతా సంఘాల దగ్గరే. విజయవాడ ఆటోనగర్‌లో ఒకాయన షెడ్డు మీద సోలార్ పలకలు బిగించారనుకోండి. ఆయన సంఘమే పొగ నిబంధనలు సడలించమని అర్జీ పెడితే, ఆ అర్జీలో ఆయన డబ్బూ ఉన్నట్టే కదా. ఫ్రెంచి చమురు కంపెనీ టోటల్, మీథేన్ (భూమిని వేడెక్కించే వాయువు) నియంత్రణ, కార్బన్ ధర (వదిలే కర్బన వాయువులకు కట్టాల్సిన సొమ్ము) విషయాల్లో పొసగక 2021 జనవరిలో అక్కడి చమురు కంపెనీల సంఘమైన అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ నుంచి తప్పుకుంది. చమురు కంపెనీయే అలా చేయడం చిన్న విషయం కాదు.

లాబీయింగ్ అంటే లంచమని చాలామంది అనుకుంటారు. కాదు. ముసాయిదా మీద అభిప్రాయం రాయడం, మంత్రికి వినతిపత్రం ఇవ్వడం కూడా లాబీయింగే.