దేవరకొండలో ఆఫీసు తెరిచే ముందు

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేశాడు. నువ్వు హైదరాబాద్‌లో సీనియర్ లాయర్ దగ్గర పని మానేసి దేవరకొండ వస్తున్నావట. కువైట్‌కూ సౌదీకీ ఇంటిపనికి పోయే ఆడవాళ్ల కేసులు చూస్తానంటున్నావట. ఆయన గొంతులో కోపం ఉంది. నాకేమో ఫోన్ పెట్టేశాక అన్నం సహించలేదు. మన ఇంటి ఆడపిల్ల ఈ పనికి దిగుతోందంటే ఛాతీ నిండింది, ఆ వెంటనే భయమూ పట్టుకుంది. పొద్దున్నే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

చట్టం నాకంటే నీకే బాగా తెలుసు. ఏజెంటు పేరు ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో ముందు చూడు. సర్వీసు చార్జీ 30,000, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగినవాడి గడప తొక్కొద్దని చెప్పు. ఈసీఆర్ పాస్‌పోర్టు (విదేశీ పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సినది) ఉన్న ఆడవాళ్లను 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే గల్ఫ్ పనికి పంపాలి. మనకు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకోవచ్చు అనేవాడి మాట అస్సలు నమ్మనివ్వకు. ప్రవాసీ బీమా కట్టించు, పన్ను కాక 275 రూపాయలకు రెండేళ్లు వస్తుంది.

కువైట్‌లో 2015లో ఇంటిపనివాళ్లకు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, పాస్‌పోర్టు లాక్కోకూడదు. ఈ మూడు ముక్కలూ లంబాడీ తండాల్లో వాళ్ల భాషలోనే చెప్పించు. నువ్వు తెలుగులో చెబితే తల ఊపుతారు, అర్థమైందని అనుకుంటావు.

ఇక నేను అసలు చెప్పాల్సింది ఇప్పటిదాకా మీ నాయనకు కూడా చెప్పలేదు.

ఎమ్మార్వో ఆఫీసు ముందు టైపు మిషన్ పెట్టుకుని అర్జీలు కొట్టే రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. బడి వదలగానే వచ్చి కార్బన్ పేపర్లతో ఆడుకునేదానివి. 2010లో ఒక ఏజెంటు ఒక తండా పిల్లను తీసుకొచ్చాడు. వాడు మనకు పరాయివాడు కాదు, పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చుని తిన్నవాళ్లం. పిల్లకు పాస్‌పోర్టు కావాలి, చదువు లేనివాళ్లకు అప్పట్లో పుట్టిన తేదీకి అఫిడవిట్ సరిపోయేది. ఎప్పుడు పుట్టావని అడిగితే, "ఇందిరమ్మ చచ్చిపోయిన ఏడు" అన్నది. అంటే 1984. ఇరవై ఆరేళ్లు. ఇంటిపనికి గల్ఫ్ పోవాలంటే 30 నిండాలి. ఏజెంటు నా పక్కకు వంగి, "ఒక్క అంకెనే కదా, పిల్ల బతుకుతది" అన్నాడు. మామూలు అఫిడవిట్‌కు నేను ముప్పై రూపాయలు తీసుకునేవాణ్ణి. వాడు రెండు వందలు పెట్టాడు. 1979 జులై 1 అని కొట్టాను. పిల్ల బొటనవేలికి సిరా రాసి ముద్ర నేనే వేయించాను.

మరుసటి ఏడు పిల్ల గల్ఫ్ పోయింది. అయిదు నెలలు ఫోన్లు వచ్చాయి, తర్వాత బందైనయి. వాళ్ల నాయన వచ్చి నా బల్ల ముందు గొంతుక్కూర్చుని, "బిడ్డ జాడ లేదు, కలెక్టర్ సారుకు అర్జీ రాయి పటేలా" అన్నాడు. ఇంట్లో వీసా కాపీ లేదు, పాస్‌పోర్టు నంబరు లేదు, కఫీల్ పేరు తెలియదు. ఏజెంటు ఫోన్ ఎత్తడు. రేషన్ కార్డు చూపించి పేరు, వయసు చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు కొట్టాను. ఇరవై ఏడు. పాస్‌పోర్టులో ఆమె ముప్పై దాటిన ఆడది అని నాకు తెలుసు. పేరులో కూడా తేడా ఉంది. ఆ వివరాలతో వెతికితే ఎవరికీ దొరకదనీ తెలుసు. అయినా నోరు విప్పలేదు. కేసు నా మెడకు చుట్టుకుంటుందని భయం.

ఆ వివరాలతో ఎవరూ లేరని జవాబు వచ్చింది. ఆయన మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే వయసు కొట్టాను. బిడ్డా, అట్లా నాలుగు నెలలు. తప్పు అంకె వేయడం ఒక తప్పు. ఆ నాలుగు నెలల మౌనం దానికంటే పెద్ద తప్పు. చివరికి మీ పెద్దమ్మ నా నిద్రలేమి చూసి నిలదీసింది. అంతా విని ఒక్కటే అడిగింది, "ఆ జాగాల మన పిల్ల ఉంటే?" అని. అప్పుడు నువ్వు ఏడో తరగతి. తెల్లారే తండాకు పోయి ఆయన ముందు నిజం ఒప్పుకున్నాను. ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు. చాలాసేపు నేలను చూశాడు. కొత్త అర్జీలో పాస్‌పోర్టు పేరు, తేదీ కొట్టి, ఇద్దరం కలిసి హైదరాబాద్ తీసుకుపోయాం. ఆరు వారాలకు జాడ తెలిసింది. పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్లు ఇంటికి రావడానికి ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ మీద 2012లో వచ్చింది.

వచ్చాక ఒకరోజు నా దగ్గరికి వచ్చింది. టీ తెప్పించాను. గిన్నెలు, బాత్‌రూములు కడిగే మందులకు వేళ్ల సందుల్లో తోలు ఊడిపోయింది. వేడి గ్లాసు పట్టుకోలేక కొంగు చుట్టి పట్టుకుంది. ఒక జీతానికి రెండు ఇళ్లలో పని చేయించారట, ఆ జీతమూ సగం నెలలు ఇవ్వలేదట. టీ తాగి, "మామా, అండ్ల నాకు ఎన్నేండ్లు రాసినవు?" అని అడిగింది. ఎవరూ ఆమెకు చదివి వినిపించలేదు. నేనూ వినిపించలేదు.

అందుకే చెబుతున్నా. వేలిముద్ర వేయించే ముందు ప్రతి కాగితం గట్టిగా చదివి వినిపించు, నువ్వు ఎంత బిజీగా ఉన్నా సరే. పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు కాపీలు ఇంట్లో తల్లి దగ్గర ఒక సెట్టు, నీ దగ్గర ఒక సెట్టు ఉండాలి. నీ దగ్గరికి తప్పుడు తేదీతో పోయిన ఆడవాళ్ల ఇంటివాళ్లూ వస్తారు. వాళ్లను భయపెట్టకు. పాస్‌పోర్టులో ఏముందో అదే రాసి ముందు మనిషిని ఇంటికి తీసుకురా, మిగతాది తర్వాత. "పోవద్దు" అని ఎవరికీ చెప్పకు. బోరు ఎండిపోయి అప్పు మీద పడ్డ ఇంట్లో ఆ మాటకు విలువ లేదు. 30 ఏళ్ల నిబంధన మంచికే పెట్టారు గానీ, ఆకలి ఆగదు, దొంగదారి వెతుక్కుంటుంది. ఆ దారికి నేనే తలుపు తీశాను.

మాల్ ఊరి మీదుగా హైదరాబాద్ పోయే బస్సులూ చూస్తుండు. ఇళ్లల్లో పనికని చిన్నపిల్లల్ని పంపుతున్నారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవద్దని 2006లోనే నిషేధం వచ్చింది. "చుట్టాల పిల్ల, చదివిస్తున్నాం" అంటారు. ఏ బడిలో అని అడుగు.

పొద్దుగూకినాక తండాలకు ఒంటరిగా పోకు. నువ్వు మొండిదానివి, వింటావో వినవో! ఏజెంట్లు బయటివాళ్లు కారు, మన బంధువులే, పెళ్లి పత్రిక ఇచ్చినంత మర్యాదగా బెదిరిస్తారు. పోతే మహిళా సంఘం వాళ్లను వెంట తీసుకుపో, పోయేముందు నాకు ఫోన్ చెయ్. అర్ధరాత్రి అయినా ఎత్తుతా.

శనివారం బస్సులో మీ నాయనతో ఒక పొడుగు నోటుబుక్కు పంపిస్తున్నా. 2012 తర్వాత నా దగ్గర కాగితాలు రాయించుకున్న ప్రతి ఆడమనిషి పాస్‌పోర్టు నంబరు, కఫీల్ పేరు, అక్కడి ఇంటి ఫోన్ అందులో ఉన్నాయి. మొదటి పేజీ ఆ పిల్లది. నీకు చూపిస్తానని అడిగితే సరేనంది. అందులో పుట్టిన తేదీలు రెండున్నాయి, రెండూ నా చేతిరాతే.

వేళకు తిను, బిడ్డా.

మీ పెద్దనాయన