టెక్ సందేహాలు: లోపం కబురు కోసం కెర్నెల్ ఎంత మెమరీ పక్కన పెట్టుకోవాలి?

ప్రశ్న: మా స్టోరేజ్ సర్వర్లలో ఒక్కోదానిపై నలభైకి పైగా ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లు మౌంట్ అయి ఉంటాయి. వాటిలో లోపం తలెత్తగానే తెలుసుకోవడానికి ఫైల్ సిస్టమ్‌లలో జరిగేవాటిని ప్రోగ్రాములకు తెలియజేసే లినక్స్ సదుపాయం ఫ్యానోటిఫైలోని ‘ఫ్యాన్ ఎఫ్ఎస్ ఎర్రర్’ ఈవెంట్‌ను వాడుకుంటూ ఒక డీమన్ (తెరవెనుక నిరంతరం నడిచే ప్రోగ్రామ్) రాసుకున్నాం. కెర్నెల్ సోర్సు చూస్తే ఈ ఈవెంట్ల కోసం ముందే కేటాయించే మెమరీ పూల్‌లో 32 ఈవెంట్లకు మాత్రమే చోటు ఉంది. ఆ సంఖ్య పెంచి కెర్నెల్‌ను మళ్లీ కంపైల్ చేసుకోవాలా? మేం రాస్తున్న ఒక డ్రైవర్‌కూ ఇలాంటి పూల్ కావాలి. దాని పరిమాణాన్ని ఏ లెక్కన నిర్ణయించాలి?

జవాబు: కంపైల్ చేయనక్కర్లేదు. 2022 జనవరిలో విడుదలైన లినక్స్ 5.16తో వచ్చిన ఈ సౌకర్యంలో 32 అన్నది గరిష్ఠ పరిమితి కాదు, కనీస హామీ. ఒక ఫ్యానోటిఫై గ్రూపులో (ఈవెంట్లు అందుకోవడానికి ప్రోగ్రామ్ తెరిచే వరుసలో) మొదటిసారి ఎర్రర్ మార్క్, అంటే ఫలానా ఫైల్ సిస్టమ్ లోపాలు చెప్పమనే గుర్తు, పెట్టినప్పుడే ఆ గ్రూపుకు పూల్ తయారవుతుంది కాబట్టి, అడగనివారిపై ఆ భారం పడదు. లోపం తలెత్తినప్పుడు కూడా కెర్నెల్ మొదట మామూలు పద్ధతిలోనే మెమరీ అడుగుతుంది. అక్కడ దొరక్కపోతేనే దాచిపెట్టిన వాటిలోంచి ఒకటి తీస్తుంది. ఫైల్ సిస్టమ్ కోడ్ మధ్యలో ఉండగా మెమరీ ఖాళీ చేయించడానికి మళ్లీ ఫైల్ సిస్టమ్‌నే ఆశ్రయించే వీలుండదు గనుక ఆ నిల్వ అవసరమైంది.

మీ లెక్కలో అసలు చిక్కు మరొకచోట ఉంది. మీరు లోపాలకు తగినన్ని ఈవెంట్లు కావాలనుకుంటున్నారు గానీ, ఒకే ఫైల్ సిస్టమ్‌పై వచ్చిన లోపాలన్నింటినీ కెర్నెల్ ఒకే ఈవెంట్‌లో కలిపేస్తుంది. మీ డీమన్ చదివేలోగా ఒక డిస్కులో వెయ్యి లోపాలు వచ్చినా, మొదటి లోపం కోడ్, అది ఏ ఫైలుకు చెందినదో చెప్పే హ్యాండిల్, మొత్తం ఎన్ని వచ్చాయన్న లెక్క మాత్రమే మిగులుతాయి. ఆ హ్యాండిల్ కోసం 128 బైట్ల చోటు కూడా ఈవెంట్‌లోనే ఉంటుంది. ఆపద వేళ దాని కోసం విడిగా మెమరీ వెతుక్కోవాల్సి వస్తే పూల్ పెట్టిన ప్రయోజనమే నెరవేరదు కదా. అందువల్ల పూల్‌పై పడే ఒత్తిడికి కొలమానం లోపాల సంఖ్య కాదు. ఒకే సమయంలో ఈవెంట్ చదవకుండా మిగిలిపోయిన ఫైల్ సిస్టమ్‌ల సంఖ్య. ఒక్కో ఈవెంట్‌కు మూడు వందల బైట్లు వేసుకున్నా 32కి పది కిలోబైట్లు దాటవు కాబట్టి, ఈ చర్చలో మెమరీ పొదుపు పెద్ద విషయమే కాదు.

అయినా మీ భయం నిరాధారమని అనను. డిస్కులు విడివిడిగా చెడిపోతే 32 ధారాళంగా సరిపోతుంది గానీ, ఒకే కంట్రోలర్ వెనుక ఉన్న నలభై వాల్యూమ్‌లు ఆ కంట్రోలర్ మొరాయించగానే ఒక్కసారిగా లోపాలు చూపిస్తాయి. సరిగ్గా అప్పుడే సర్వర్‌లో మెమరీ కూడా కటకటగా ఉంటే, 33వ ఫైల్ సిస్టమ్ తరఫున ఈవెంట్ అడిగిన థ్రెడ్, ఎవరైనా ఒకటి తిరిగి ఇచ్చేదాకా ఆగిపోవచ్చు. దీనికి విరుగుడు సులభమే: పూల్ ఒక్కో గ్రూపుకు ఒకటి కాబట్టి, డీమన్‌లో రెండు గ్రూపులు తెరిచి ఫైల్ సిస్టమ్‌లను చెరి సగం పంచండి. డీమన్ చదివిన వెంటనే ఈవెంట్ పూల్‌కు తిరిగి చేరుతుంది గనుక, చదివే థ్రెడ్‌కు వేరే పనేదీ అప్పగించకండి; ఎంలాక్ఆల్ సిస్టమ్ కాల్‌తో డీమన్ మెమరీని స్వాప్‌లోకి పోకుండా కట్టడి చేయండి; లాగ్‌ను నిఘాలో ఉన్న డిస్కులపైనే రాయకండి. ఈ చివరి పొరపాటు విచిత్రంగా అనిపించినా చాలాచోట్ల జరిగేదే.

మీరు అడగకపోయినా ఒక సంగతి చెప్పాలి. ఈవెంట్లను కలపడానికి కెర్నెల్ చూసేది ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్యను; ఈఎక్స్‌టీ4లో అది యూయూఐడీ (ఒక్కో ఫైల్ సిస్టమ్‌కు ఇచ్చే విశిష్ట సంఖ్య) నుంచి పుడుతుంది. బ్లాక్ స్థాయిలో క్లోన్ చేసిన వాల్యూమ్‌లకు యూయూఐడీ మార్చకపోతే, రెండింటి లోపాలూ ఒకే ఖాతాలో పడతాయి. వాటిని అన్‌మౌంట్ చేసి ట్యూన్2ఎఫ్ఎస్ కమాండ్‌తో కొత్త యూయూఐడీ ఇవ్వండి.

ఇక డ్రైవర్ సంగతి. లోపం తెలిసే క్షణంలో మీ కోడ్ ఆగి ఎదురుచూడగలదా లేదా అన్నది ముందు తేల్చుకోండి. ఆగగలిగితే ఫ్యానోటిఫైలాగా కెర్నెల్‌లో ఇలాంటి పూల్ కోసమే ఉన్న మెమ్‌పూల్ వాడండి. లోపాలు పుట్టే వేర్వేరు మూలాలెన్నో లెక్కించి, ఒక్కో మూలానికి ఒక్కో ఈవెంట్ పెట్టి, మిగతావాటిని కలిపేయండి. ఆగలేని చోట మామూలు కేటాయింపుపై ఆధారపడలేం కనుక, పూల్ మొత్తం భారాన్ని మోయాల్సి వస్తుంది. ఎక్స్86 ప్రాసెసర్లలో మెషీన్ చెక్ లోపాల (ప్రాసెసర్ స్వయంగా కనిపెట్టే హార్డ్‌వేర్ లోపాల) పూల్ ఇందుకు మంచి ఉదాహరణ. దాన్ని చాలాకాలం రెండు పేజీలకు, అంటే 8 కిలోబైట్లకు పరిమితం చేశారు. అందులో సుమారు 80 రికార్డులు పడతాయి. వందల సీపీయూల యంత్రాలు వచ్చాక ఆ లెక్క నిలవలేదు. 2024లో దాన్ని సవరించి, 80 లేదా సీపీయూకు రెండు చొప్పున రికార్డులు, వీటిలో ఏది ఎక్కువైతే అది కేటాయించేలా మార్చారు. ఫర్మ్‌వేర్ నుంచి వచ్చే హార్డ్‌వేర్ లోపాలను అందుకునే ఏసీపీఐ డ్రైవర్ కూడా తన పూల్‌ను లోపాల మూలాల సంఖ్యను బట్టే, ఒక్కో మూలానికి 64 కిలోబైట్ల చొప్పున కట్టుకుంటుంది. మీ డ్రైవర్‌లో కూడా పరిమాణాన్ని స్థిరాంకంగా రాయకుండా, బూట్ సమయంలో పరికరాల సంఖ్యను చూసి లెక్కించడమే మేలని నా అభిప్రాయం.

పూల్ అయిపోతే ఏం చేయాలో కూడా ముందే నిర్ణయించండి, ఎందుకంటే కొన్ని కబుర్లు జారిపోయాయని చెప్పడానికీ మెమరీ కావాలి. ఫ్యానోటిఫై ఓవర్‌ఫ్లో ఈవెంట్‌ను గ్రూపు పుట్టినప్పుడే కేటాయించి పెట్టుకుంటుంది. మీ డ్రైవర్‌లో పూల్‌తో సంబంధం లేని ఒక అటామిక్ కౌంటర్ (ఒకేసారి ఎన్ని థ్రెడ్‌లు పెంచినా లెక్క తప్పనిది) పెట్టి, జారిపోయిన ప్రతి లోపాన్నీ అందులో లెక్కించి, తర్వాత పంపే ఈవెంట్‌తో కలిపి ఆ సంఖ్యను పైకి పంపితే సరిపోతుంది.