ఫ్రీజరు కంపు వదలాలంటే

వంటసోడా డబ్బా తెరిచి లోపల పెట్టి వారమైంది, అయినా ఫ్రీజరు తలుపు తీస్తే కడుపులో తిప్పుతోంది, ఏం చేయాలి? అమెరికాకు కొత్తగా వచ్చిన మన పిల్లలు, ముఖ్యంగా నెల రోజులు ఇండియా వెళ్ళి వచ్చినవాళ్ళు, ఈ ప్రశ్న తరచుగా అడుగుతారు. ముందు కడగండి, సోడా సంగతి తర్వాత చూద్దాం. గాలిలో మిగిలిన కాస్త వాసనను సోడా పీల్చుకుంటుంది గానీ, సొరుగు కింద గడ్డకట్టిన చేపనీళ్ళను ఏమీ చేయలేదు.

కడిగే ముందు కారణం తెలుసుకోవాలి. ఫ్రీజరు మైనస్ 18 డిగ్రీల దగ్గర, అంటే ఇక్కడి లెక్కలో సున్నా ఫారెన్‌హీట్ దగ్గర ఉంటే అందులో ఏదీ కుళ్ళదు. కుళ్ళు కంపు వచ్చిందంటే మధ్యలో ఎప్పుడో కరెంటు పోయి, మాంసం కరిగి నీరు కారి, మళ్ళీ గడ్డకట్టి ఉంటుంది. ఇక్కడ కరెంటు రోజూ పోదు కాబట్టి మనకు ఆ అనుమానమే రాదు. కానీ 2024 జూలైలో బెరిల్ తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, చాలా ఇళ్ళకు రోజుల తరబడి రాలేదు. తుఫానే రానక్కరలేదు. గరాజ్‌లో రెండో ఫ్రిజ్ పెట్టుకున్నవాళ్ళు అక్కడి ప్లగ్గు చూడండి. మధ్యలో రెండు చిన్న మీటలు ఉంటే అది జీఎఫ్‌సీఐ ప్లగ్గు. కాస్త తేమ తగిలినా తనంతట తానే ఆగిపోతుంది. కొన్ని పాత ఇళ్ళలో బాత్‌రూమ్ ప్లగ్గూ గరాజ్ ప్లగ్గూ ఒకే వరుసలో ఉంటాయి. అక్కడ జుట్టు ఆరబెట్టుకుంటుంటే మీట పడిపోతుంది, ఇక్కడ మేకమాంసం కరిగిపోతుంది, ఎవరికీ తెలియదు.

అలా కరిగిన మాంసం, చేపలు, రొయ్యలు పారేయండి. డబ్బులు పోతాయని మనసు పీకుతుంది, నిజమే. కానీ 40 ఫారెన్‌హీట్ దాటిన వేడిలో రెండు గంటలకు మించి ఉన్న మాంసం, వాసన రాకపోయినా, తినడానికి పనికిరాదు. ఐసుముక్కలు కూడా పారబోయండి. మంచు వాసన పట్టేస్తుంది, వెన్న, ఐస్‌క్రీమ్ అంతకన్నా ఎక్కువ పట్టేస్తాయి.

ఇప్పుడు ప్లగ్గు తీసి, కింద పాత తువ్వాళ్ళు పరిచి, మంచును దానంతట అదే కరగనివ్వండి. కత్తితో పొడవకండి, గోడలోని గొట్టానికి చిల్లు పడితే ఫ్రిజ్ పని అయిపోయినట్టే. చల్లగా ఉన్న గాజు అర మీద వేడినీళ్ళు పోస్తే పగులుతుంది, కాస్త ఆగండి. సొరుగులూ అరలూ బయటికి తీసి సబ్బు నీళ్ళతో కడిగి, లోపలంతా లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు పెద్ద చెంచాల వంటసోడా కలిపి తుడవండి. నీచు వాసన అయితే ఆ తర్వాత వెనిగర్ కలిపిన నీళ్ళతో మరోసారి. సముద్రపు చేప నీచుకు కారణమైన పదార్థానికి పులుపు విరుగుడు. మన ఇళ్ళలో చేపముక్కలను నిమ్మకాయో చింతపండో వేసి కడిగేది అందుకే. బ్లీచు వాడాలనిపిస్తే అది ఒక్కటే వాడండి. వెనిగర్‌తో కలిపితే విషవాయువు వస్తుంది.

చాలామంది వదిలేసేది తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ. దాని మడతను వేలితో విప్పి చూడండి. కింది అంచులో గోధుమరంగు జిగురు, రెండు మెంతికూర ఆకులు, ఎండిన రక్తపు చార కనిపిస్తాయి. పాత పళ్ళ బ్రష్షుతో అంగుళం అంగుళం రుద్దాలి. ఫ్రిజ్ కింద నీళ్ళు పడే పళ్ళెం ఉంటుంది, చేతికి అందే మోడల్ అయితే అదీ కడగండి.

కడిగాక తడి లేకుండా తుడిచి, ఒకటి రెండు రోజులు తలుపు తెరిచి ఆరనివ్వండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే తలుపు మూసుకుపోకుండా గట్టిగా కట్టేయండి, ఖాళీ ఫ్రిజ్‌లో పిల్లలు చిక్కుకుంటే ప్రాణాపాయం. ఇంకా వాసన మిగిలితే ఇప్పుడు పెట్టండి సోడా, డబ్బాలో కాదు, వెడల్పాటి పళ్ళెంలో పరిచి. చేపల తొట్లకు సామాను అమ్మే దుకాణాల్లో దొరికే యాక్టివేటెడ్ బొగ్గు ఇంకా బాగా పనిచేస్తుంది. కాఫీపొడి వాసనను కప్పుతుంది గానీ తన వాసన అంటగడుతుంది, నాకు నచ్చదు. ఇంత చేసినా కంపు పోలేదంటే నీరు గోడలోపలి ఫోమ్‌లోకి దిగిందన్నమాట. అప్పుడు మార్చుకోవడమే.

కుళ్ళు కాకుండా వెల్లుల్లి, ఉల్లి వాసన అయితే ఇంత శ్రమ అక్కరలేదు. చాలా ఫ్రిజ్‌లలో ఒకే ఫ్యాను పై అరకూ కింది అరకూ గాలి పంపుతుంది కాబట్టి, కింద మూతలేని గిన్నెలో ఉన్న సగం ఉల్లిపాయ మీ ఐస్‌క్రీమ్‌ను పాడుచేస్తుంది. అల్లం వెల్లుల్లి ముద్దను ప్లాస్టిక్‌లో కాకుండా గాజు సీసాలో, పైన కాస్త ఖాళీ వదిలి పెట్టుకోండి. దుకాణంవాళ్ళు పల్చటి సంచిలో కట్టిచ్చిన మాంసాన్ని అలాగే లోపలికి తోయకండి. పూటకు సరిపడా విడదీసి, జిప్ సంచుల్లో గాలి పోయేలా నొక్కి, పల్చగా పరిచి పెట్టండి.

ఇండియా వెళ్ళే ముందు చిన్న కప్పులో నీళ్ళు గడ్డకట్టించి, పైన ఒక నాణెం ఉంచండి. వచ్చాక నాణెం అడుగున కనిపిస్తే మధ్యలో అంతా కరిగినట్టే. నిండుగా ఉన్న ఫ్రీజరు తలుపు తీయకపోతే కరెంటు పోయినా సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లగా ఉంటుంది. అందుకని ఖాళీ చోట నీళ్ళ సీసాలు నింపండి, తాళంచెవి ఇచ్చిన స్నేహితుణ్ణి వారానికోసారి చూడమనండి. అద్దె ఇంట్లో ఫ్రిజ్ సాధారణంగా ఇంటివాళ్ళదే, కంపు వదలకపోతే డిపాజిట్‌లో కోయవచ్చు. కాబట్టి ఫ్రిజ్ చెడిపోయి ఇలా జరిగితే పారేసే ముందే ఫోటోలు తీసి, ఆ రోజే రాతపూర్వకంగా తెలియజేయండి. అవే ఫోటోలు అద్దెదారు బీమాకూ పనికొస్తాయి, కొన్ని పాలసీల్లో పాడైన ఆహారానికి పరిహారం ఉంటుంది.