ప్రోస్టేట్ వాపుకి మూడు మందులు కలిపి రాస్తే ఒకటి మానెయ్యొచ్చా?

ఐదు నెలలుగా ఒంటికి వెళ్తే మంట, కూర్చుంటే కింద పోటు అన్నారు. డాక్టరుగారు లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, టామ్సులోసిన్, వాపు తగ్గే బిళ్ళ కలిపి రాశారు, మంట తగ్గింది కాబట్టి యాంటీబయాటిక్ మానెయ్యనా అని అడిగారు. మీ అంతట మీరు మానొద్దండీ. ఆ పని చేసే నేను ఏడాదిన్నర బాధపడ్డాను.

మాది పాలకొల్లు పక్క పల్లెటూరు, రొయ్యల చెరువులు. పొద్దస్తమానం గట్ల మీద బండి తిరుగుడే. నొప్పి వచ్చినప్పుడల్లా ఊళ్ళోనే ఐదు రోజుల యాంటీబయాటిక్ కోర్సు తెచ్చుకునేవాణ్ణి. మూడోరోజుకి మంట పోయేది, మిగతా బిళ్ళలు అలమారాలో పడేసేవాణ్ణి. నెల తిరక్కుండా మళ్ళీ మొదలు. చివరికి రాజమండ్రిలో యూరాలజిస్టుకి చూపించాను. ముందు మూత్రం పట్టించి, వేలితో ప్రోస్టేట్ గ్రంథిని ఒత్తి, మళ్ళీ పట్టించి, రెండూ కల్చర్‌కి, అంటే క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్షకి పంపారు. మొదటిదాంట్లో ఏమీ లేదు, రెండోదాంట్లో ఈ-కొలై అనే క్రిమి తేలింది. క్రిమి గ్రంథిలోనే ఉండిపోయిందన్నమాట. చాలా యాంటీబయాటిక్‌లు ఆ గ్రంథిలోకి సరిగా ఇంకవు. లీవోఫ్లాక్సాసిన్ ఇంకుతుంది గానీ నాలుగు వారాలైనా పడాలి అన్నారు.

టామ్సులోసిన్ పని వేరు. మూత్రాశయం మెడ దగ్గరా ప్రోస్టేట్‌లోనూ బిగిసిన కండరాన్ని వదులు చేస్తుంది. 0.4 మిల్లీగ్రాముల గొట్టం బిళ్ళ (క్యాప్సూల్) వేసుకున్న మొదటి రాత్రి, దోమతెర ఎత్తి గభాల్న లేచేసరికి కళ్ళు చీకట్లు కమ్మి మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయాను. నిదానంగా లేవండి. వీర్యం తగ్గినా, అసలు రాకపోయినా ఈ మందువల్లే, ఆపితే మామూలవుతుంది. ముందు తెలియక నేను చాలా భయపడ్డాను. రేపెప్పుడైనా కంటి శుక్లాల ఆపరేషన్ పడితే ఈ మందు వాడిన సంగతి తప్పకుండా చెప్పండి.

నెల తరవాత కల్చర్ శుభ్రంగా వచ్చింది, పోటు మాత్రం పోలేదు. అప్పుడు యాంటీబయాటిక్ ఆపి మిగతా రెండూ ఉంచారు. ఫిజియోథెరపిస్టు దగ్గర కటి కండరాలు వదులు చేసుకోవడం నేర్చుకున్నాను, టబ్బులో గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని కూర్చునేవాణ్ణి. మూడు నెలలకి తేలికపడింది.

మీకు కల్చర్ చేశారా? ఈ జబ్బున్న పదిమందిలో తొమ్మిదిమందికి క్రిమి దొరకదు. అలాంటప్పుడు యాంటీబయాటిక్‌లు మార్చి మార్చి మింగడం దండగ, కానీ ఆ మాట తేల్చాల్సింది రిపోర్టు చూసిన డాక్టరే. గ్యాస్ సిరప్, ఐరన్ బిళ్ళ లీవోఫ్లాక్సాసిన్‌కి రెండు గంటలు ఎడంగా వేసుకోండి. మడమ వెనక నరం (స్నాయువు) నొప్పి పెడితే మాత్రం ఆ యాంటీబయాటిక్ ఇంకో బిళ్ళ వెయ్యకుండా వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యండి. చలిజ్వరం వచ్చినా, మూత్రం బిగిసినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళిపోండి.